రక్తంలో టైరోసిన్: కంచం కన్నా కాలేయం చెప్పేదే ఎక్కువ

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి కోంటాకు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది ఎర్రబోరు. రోడ్డు అలాగే దక్షిణానికి సాగి కోంటా, చింతూరు మీదుగా భద్రాచలం చేరుతుంది. 2006 జూలైలో ఇక్కడి సల్వాజుడుం శిబిరంపై మావోయిస్టులు దాడి చేసినప్పుడు ఈ పేరు దేశమంతా వినిపించింది. ఆ తర్వాత కూడా ఎర్రబోరు గురించి రాసినవాళ్లు ఎక్కువగా తుపాకుల గురించే రాశారు. అక్కడి కోయ, దోర్ల కుటుంబాలు ఏం తింటున్నాయి, ఏ జబ్బులు పడుతున్నాయి, పరీక్షల కోసం ఎంత దూరం వెళ్లాల్సి వస్తోంది అన్నవి వార్తలకు ఎక్కింది తక్కువ.

టైరోసిన్ అనే చిన్న అణువు కథ ఈ మూడు ప్రశ్నలనూ తాకుతుంది. ఇప్పుడు నగరాల్లో మెదడు చురుకుదనానికి, జుట్టు నల్లబడటానికి, థైరాయిడ్‌కు అంటూ దీన్ని మాత్రల రూపంలో అమ్ముతున్నారు. 'తక్కువైతే తినాలి, ఎక్కువైతే మానాలి' అన్నంత తేలికగా దీని గురించి మాట్లాడుతున్నారు. శరీరంలో జరిగేది అది కాదు. రక్తంలో టైరోసిన్ ఎంత ఉందన్నది తిండి మీద కంటే కాలేయం, మూత్రపిండాలు, జన్యువులు, ఒంట్లో ఉన్న జబ్బు మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

టైరోసిన్ అంటే ఏమిటి?

మాంసకృత్తులు 20 రకాల అమైనో ఆమ్లాలతో కట్టిన గొలుసులు. వాటిలో టైరోసిన్ ఒకటి. 1846లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ పాల జున్నులోని కేసీన్ నుంచి దీన్ని వేరుచేశారు. గ్రీకులో జున్నును 'టైరోస్' అంటారు, పేరు అక్కడి నుంచే వచ్చింది.

టైరోసిన్ మనకు రెండు దారుల్లో అందుతుంది. మొదటిది తిండి. పప్పులు, వేరుశనగ, గుడ్లు, చేపలు, మాంసం, పాలు, ధాన్యాలు అన్నింటిలోనూ ఇది ఉంటుంది. రెండోది శరీరం సొంత తయారీ. ఫినైల్‌అలనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని కాలేయం, కొంత మేరకు మూత్రపిండాలు టైరోసిన్‌గా మారుస్తాయి. ఫినైల్‌అలనిన్ మాత్రం తిండి నుంచే రావాలి. అందుకే పోషకాహార నిపుణులు ఈ రెండింటి అవసరాన్ని విడివిడిగా కాక కలిపి లెక్కగడతారు.

వచ్చిన టైరోసిన్‌లో కొంత మాంసకృత్తుల నిర్మాణంలో కలుస్తుంది. కొంత నాడీకణాల్లో డోపమిన్‌గా, దాని నుంచి నార్‌అడ్రినలిన్, అడ్రినలిన్‌గా మారుతుంది. చర్మం, జుట్టు, కళ్లకు రంగునిచ్చే మెలనిన్‌కూ ఇదే ముడిసరుకు. థైరాయిడ్ గ్రంథిలో రెండు టైరోసిన్ భాగాలు, నాలుగు అయోడిన్ పరమాణువులు కలిస్తే థైరాక్సిన్ హార్మోన్ తయారవుతుంది. ఈ పనులన్నిటికీ పోగా మిగిలినదాన్ని కాలేయం ఐదు మెట్లలో విడగొట్టి శక్తి కోసం వాడుకుంటుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైమ్ ఉంటుంది. ఎక్కడ ఎంజైమ్ లోపిస్తే అక్కడ సరుకు పేరుకుపోతుంది.

ముడిసరుకు ఎక్కువ ఉన్నంత మాత్రాన తయారయ్యే వస్తువు పెరగదు. డోపమిన్ ఎంత తయారవ్వాలో ప్రధానంగా నిర్ణయించేది నాడీకణంలోని ఎంజైమ్. పుట్టుకతోనే ఒళ్లు, జుట్టు తెల్లగా ఉండే ఆల్బినిజంలో టైరోసిన్‌కు కొరత ఉండదు, దాన్ని మెలనిన్‌గా మార్చే దారిలోనే లోపం ఉంటుంది. పార్కిన్సన్స్ వ్యాధిలో డోపమిన్ తగ్గడానికి కారణం దాన్ని తయారుచేసే కణాలు చనిపోవడం. అయోడిన్ లేని ఊళ్లో ఎంత టైరోసిన్ తిన్నా థైరాక్సిన్ తయారవదు.

ఎంత ఉంటే మామూలు?

పెద్దవాళ్లలో లీటరు ప్లాస్మాకు ఉజ్జాయింపుగా 30 నుంచి 100 మైక్రోమోల్స్ వరకు టైరోసిన్ ఉంటే మామూలుగా పరిగణిస్తారు. ల్యాబ్‌ను బట్టి, వయసును బట్టి ఈ హద్దులు కొంత మారతాయి. 60 మైక్రోమోల్స్ అంటే లీటరులో సుమారు 11 మిల్లీగ్రాములు. ఉప్పు గల్లంత బరువు కూడా లేని ఈ పరిమాణం రోజంతా ఒకేలా ఉండదు. టైరోసిన్ స్థాయి తెల్లవారుజామున బాగా తగ్గి, ఉదయం పదీ పదిన్నర ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుందని 1967లో అమెరికా పరిశోధకులు చూపించారు. మాంసకృత్తులు బాగా తగ్గించిన తిండి పెట్టినా ఈ లయ కొనసాగింది.

అందువల్ల భోజనం చేసి వచ్చి ఇచ్చిన రక్తానికీ, రాత్రంతా ఏమీ తినకుండా ఉదయం ఇచ్చిన రక్తానికీ ఫలితం తేడాగా ఉంటుంది. డాక్టర్లు టైరోసిన్ ఒక్కదాన్నే చూడరు. ఫినైల్‌అలనిన్, ఇతర అమైనో ఆమ్లాలతో పోల్చి చూస్తారు. ఫినైల్‌అలనిన్ పెరిగి టైరోసిన్ తగ్గితే మార్పిడి దగ్గర చిక్కు ఉందని అర్థం. రెండూ పెరిగితే కాలేయం మీద అనుమానం. టైరోసిన్ ఒక్కటే విపరీతంగా పెరిగితే విడగొట్టే దారిలో అడ్డు ఉండొచ్చు.

అన్నం, శనగలు, చేపలు: లెక్క ఏం చెబుతోంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థల నిపుణుల సంఘం 2007లో ప్రచురించిన అంచనా ప్రకారం, పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు ఫినైల్‌అలనిన్, టైరోసిన్ కలిపి 25 మిల్లీగ్రాములు కావాలి. 50 కిలోల మనిషికి అది 1,250 మిల్లీగ్రాములు. ఎదిగే పిల్లలకు వాళ్ల బరువుతో పోల్చితే ఇంకా ఎక్కువ కావాలి.

ఎర్రబోరు పరిసరాల్లో ప్రధాన తిండి అన్నం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, వాటిలో ఈ రెండు అమైనో ఆమ్లాలూ కలిపి 700 మిల్లీగ్రాములకు అటూఇటూగా దొరుకుతాయి. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకునే పెద్ద మనిషికి రెండు గ్రాముల వరకు అందుతాయి. అరుగుదలలో కొంత పోయినా అవసరం తీరుతుంది. అంటే కడుపునిండా అన్నం తినే పెద్దవాళ్లకు టైరోసిన్ కరువు రాదు. బియ్యంలో నిజంగా కొరవడేది లైసిన్ అనే వేరే అమైనో ఆమ్లం. దాన్ని పూడ్చేవి పప్పులు, చేపలు, గుడ్లు.

ఛత్తీస్‌గఢ్ 2012లో, కేంద్ర ఆహార భద్రత చట్టం కంటే ముందే, సొంత చట్టం చేసింది. దాని కింద షెడ్యూల్డ్ ప్రాంతాల కుటుంబాలకు చౌక బియ్యంతో పాటు శనగలు, అయోడిన్ కలిపిన ఉప్పు ఇవ్వాలని నిర్ణయించింది. టైరోసిన్ దృష్టితో చూస్తే ఈ మూడూ సరైన జోడీ. బియ్యం శక్తినీ కొంత మాంసకృత్తినీ ఇస్తుంది. శనగలు లైసిన్ లోటు పూడుస్తాయి. ఉప్పులోని అయోడిన్ లేకపోతే టైరోసిన్ థైరాయిడ్ హార్మోన్ కాలేదు. వీటికి తోడు శబరి నది చేపలు, ఎండు చేపలు, ఉలవలు, బస్తర్‌లో 'చాప్డా' అని పిలిచే ఎర్రచీమల పచ్చడి కూడా మాంసకృత్తులిచ్చేవే.

చిక్కు వచ్చేది కడుపు నిండనప్పుడు. తగినంత శక్తి అందకపోతే శరీరం తిన్న మాంసకృత్తులను కూడా పొయ్యిలో కట్టెల్లా కాల్చేస్తుంది. వానాకాలం రేషను దుకాణానికి దారి తెగినా, పంట చేతికి రాకముందు గింజలు అయిపోయినా, ముందు దెబ్బతినేది పెద్దవాళ్ల కంటే పిల్లలే.

ఎప్పుడు తగ్గుతుంది?

టైరోసిన్ బాగా తగ్గే స్థితుల్లో పాతకాలం నుంచి తెలిసినది క్వాషియోర్కర్. పాలు మాన్పించిన పిల్లలు సరైన తిండి లేక, వరుస జబ్బులతో కాళ్లు, ముఖం ఉబ్బి, నీరసించి, జుట్టు ఎర్రబడి కనిపించే రూపం అది. జుట్టు రంగు మారడానికి మెలనిన్ తగ్గడం కారణం. ఆ పిల్లల రక్తంలో ఫినైల్‌అలనిన్‌తో పోల్చితే టైరోసిన్ బాగా తక్కువగా ఉంటుంది. తిండిలో రాకపోవడం ఒక్కటే కాదు, దెబ్బతిన్న కాలేయం ఒకదాన్ని మరొకదానిగా మార్చలేకపోవడం కూడా ఇందుకు కారణమే.

1918లో కూనూరులో చిన్న విచారణ కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల పాటు ఈ పిల్లల మీదే పనిచేసింది. పిల్లల పోషకాహార లోపాన్ని ఒక్క మాంసకృత్తుల కొరతగా చూడకూడదని, మొత్తం తిండి చాలకపోవడమే అసలు సమస్య అని ఆ సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్ వాదించారు. టైరోసిన్ విషయంలోనూ అదే వర్తిస్తుంది. ఎర్రజుట్టు పిల్లవాడికి కావాల్సింది టైరోసిన్ పొడి కాదు. సరిపడా అన్నం, పప్పు, గుడ్డు, నూనె, దాంతో పాటు జబ్బుకు వైద్యం.

రెండో కారణం కిడ్నీ జబ్బు. రక్తంలోకి టైరోసిన్‌ను విడుదల చేయడంలో మూత్రపిండాల వాటా చిన్నది కాదు. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ముదిరిన వాళ్లలో ఫినైల్‌అలనిన్ ఉన్నా టైరోసిన్ తగ్గుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్న వ్యాధి ఇదే కోవకు చెందినది. అక్కడి రోగి రిపోర్టులో టైరోసిన్ తక్కువని కనిపిస్తే అది తిండి లోపమని తేల్చేయకూడదు. కిడ్నీ పనితీరు పడిపోయిందనడానికి అది మరో గుర్తు కావచ్చు.

మూడోది ఫినైల్‌కీటోన్యూరియా. ఫినైల్‌అలనిన్‌ను టైరోసిన్‌గా మార్చే ఎంజైమ్ పుట్టుకతో లేని పిల్లల్లో ఫినైల్‌అలనిన్ పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది, టైరోసిన్ తగ్గుతుంది. వాళ్లకు మాత్రం టైరోసిన్‌ను తిండితో పాటు ఇవ్వక తప్పదు. అదీ ప్రత్యేకంగా తయారుచేసిన పాలపొడి రూపంలో, వైద్యుల లెక్క ప్రకారమే.

మలేరియా ఏం చేస్తుంది?

బస్తర్ దశాబ్దాలుగా మలేరియా గుప్పిట్లో ఉంది. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'మలేరియా ముక్త్ బస్తర్' పేరుతో ఇంటింటి పరీక్షలు మొదలుపెట్టింది. జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేసి, పరాన్నజీవి కనిపిస్తే అక్కడే మందు వేయించడం ఈ కార్యక్రమం పద్ధతి. పైకి ఏ లక్షణమూ లేకుండా పరాన్నజీవిని మోసేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ పద్ధతి ఎంచుకున్నారు.

మలేరియాకు టైరోసిన్‌తో ఏం సంబంధం? ఫినైల్‌అలనిన్‌ను టైరోసిన్‌గా మార్చే ఎంజైమ్‌కు టెట్రాహైడ్రోబయోప్టెరిన్ అనే సహాయక పదార్థం కావాలి. తీవ్ర మలేరియాలో ఆ పదార్థం తగ్గుతుంది, కాలేయమూ ఒత్తిడిలో ఉంటుంది. తీవ్ర మలేరియా రోగుల రక్తంలో ఫినైల్‌అలనిన్ పెరిగినట్టు 2006లో వెలువడిన ఒక అధ్యయనం నమోదు చేసింది. మెదడు మలేరియాలో స్పృహ తప్పడానికి ఇది తోడవుతుందా అన్న ప్రశ్నను పరిశోధకులు అప్పుడు లేవనెత్తారు. టైఫాయిడ్, న్యుమోనియా లాంటి ఇతర తీవ్ర ఇన్ఫెక్షన్లలోనూ కండరాలు కరిగి అమైనో ఆమ్లాల లెక్కలు తారుమారవుతాయి.

దీన్నిబట్టి, జ్వరంలో ఉన్న బిడ్డకు టైరోసిన్ పరీక్ష చేస్తే వచ్చే అంకె ఆ బిడ్డ మామూలు స్థితిని చెప్పదు. ఎర్రబోరు లాంటి చోట టైరోసిన్ లెక్క సరిగా ఉండాలంటే మొదట చేయాల్సిన పని దోమతెరలు, వెంటనే రక్తపరీక్ష, మందుల కోర్సు పూర్తి చేయించడం.

ఎప్పుడు పెరుగుతుంది?

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో టైరోసిన్ పెరగడం తరచూ కనిపిస్తుంది. దాన్ని విడగొట్టే కాలేయ ఎంజైమ్‌లు అప్పటికి పూర్తిగా సిద్ధమై ఉండవు. చాలామందిలో కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. ఆ ఎంజైమ్‌లలో ఒకటి సరిగా పనిచేయడానికి విటమిన్ సి తోడ్పడుతుంది కాబట్టి కొందరికి వైద్యులు కొద్దికాలం దాన్ని ఇస్తారు. ఇక్కడ తిండి పాత్ర నిజంగానే ఉంది. తల్లిపాలలో వంద మిల్లీలీటర్లకు గ్రాము చుట్టూ మాంసకృత్తి ఉంటే, ఆవుపాలలో మూడు గ్రాములకు పైగా, గేదెపాలలో ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. నెలలు నిండని పసికందుకు పశువుల పాలు పట్టడం అంటే సిద్ధం కాని కాలేయం మీద మూడింతల బరువు వేయడమే.

పెద్దవాళ్లలో టైరోసిన్ పెరగడానికి మొదటి అనుమానం కాలేయం మీదే. హెపటైటిస్, సిర్రోసిస్ ముదిరినప్పుడు టైరోసిన్, ఫినైల్‌అలనిన్ పెరిగి, లూసిన్ లాంటి ఇతర అమైనో ఆమ్లాలు తగ్గుతాయి. ఏళ్ల తరబడి సారా తాగిన కాలేయానికైనా, హెపటైటిస్ బి వైరస్ పట్టిన కాలేయానికైనా లెక్క ఒకటే. థైరాయిడ్ హార్మోన్ అతిగా తయారయ్యే వాళ్లలోనూ టైరోసిన్ పెరగవచ్చు.

నగర పాఠకులకు ఎక్కువగా వర్తించేది మరొకటి ఉంది. ఊబకాయం, ఇన్సులిన్ సరిగా పనిచేయని స్థితి ఉన్నవాళ్లలో టైరోసిన్ కొంత ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం ఆధారంగా 2011లో వచ్చిన పరిశోధన, డయాబెటిస్ రావడానికి ఏళ్ల ముందే ఐదు అమైనో ఆమ్లాలు పెరుగుతున్నాయని, వాటిలో టైరోసిన్ ఒకటని తేల్చింది. లండన్‌లోని దక్షిణాసియా సంతతి వాళ్లను, ఐరోపా సంతతి వాళ్లను పోల్చి 2015లో ప్రచురించిన మరో పరిశోధనలో ఈ సంబంధం దక్షిణాసియా వాళ్లలో ఇంకా బలంగా కనిపించింది. దీనర్థం టైరోసిన్ డయాబెటిస్ తెస్తుందని కాదు. పప్పు మానేస్తే డయాబెటిస్ రాదనీ కాదు. ఇన్సులిన్ పట్టు సడలినప్పుడు కనిపించే ఆనవాళ్లలో ఇదొకటి.

జన్యువులో లోపం ఉంటే

పైవన్నీ ఒక ఎత్తు, టైరోసినీమియా అనే పుట్టుకతో వచ్చే లోపాలు మరో ఎత్తు. టైరోసిన్‌ను విడగొట్టే ఐదు మెట్లలో చివరి ఎంజైమ్ లేకపోతే అది మొదటి రకం టైరోసినీమియా. ప్రపంచం మొత్తం మీద సుమారు లక్ష మందిలో ఒకరికి వస్తుందని అంచనా. కెనడాలోని క్యూబెక్‌లో ఒక ప్రాంతంలో మాత్రం దాదాపు 1,850 మందిలో ఒకరికి ఉంది. కొద్ది కుటుంబాల నుంచి పెరిగిన సమాజం కావడం అందుకు కారణం.

ఈ రకంలో పేరుకుపోయే విషపదార్థాలు కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మొదటి నెలల్లోనే పొట్ట ఉబ్బడం, కామెర్లు, సూదిపోటు దగ్గర రక్తం ఆగకపోవడం, ఎదుగుదల లేకపోవడం కనిపిస్తాయి. కొందరిలో ఎముకలు మెత్తబడి రికెట్స్ వస్తుంది. వైద్యం అందకపోతే కాలేయ వైఫల్యం, లేదా కొన్నేళ్లలో కాలేయ క్యాన్సర్. ఇక్కడ ఒక మెలిక ఉంది. పుట్టిన తొలి రోజుల్లో ఈ పిల్లల టైరోసిన్ మామూలుగానే ఉండొచ్చు. రోగాన్ని నిర్ధారించేది సక్సినైల్ఎసిటోన్ అనే మరో పదార్థం. టైరోసిన్ అంకెను మాత్రమే చూసి ఫరవాలేదనుకుంటే బిడ్డ చేయిదాటిపోతుంది.

రెండో రకంలో టైరోసిన్ 500 మైక్రోమోల్స్ దాటి, కొందరిలో వెయ్యికి పైగా వెళ్తుంది. కళ్లలో స్ఫటికాలు ఏర్పడి నీళ్లు కారతాయి, వెలుతురు చూడలేరు. అరచేతులు, అరికాళ్లు మందమై నొప్పి పుడతాయి. కళ్లకలకగా పొరబడి చుక్కల మందు వేస్తూ ఏళ్లు గడిపేసే ప్రమాదం ఉంది. మాంసకృత్తులు తగ్గించిన ప్రత్యేక ఆహారంతో ఇది అదుపులోకి వస్తుంది. మూడో రకం చాలా అరుదు. మధ్యలో మరో మెట్టు తప్పితే వచ్చేది ఆల్కాప్టోన్యూరియా. మూత్రం గాలి తగిలి నల్లబడుతుంది, నడివయసుకు వెన్ను, కీళ్లు అరుగుతాయి. ఇందులో రక్తంలో టైరోసిన్ మామూలుగానే ఉంటుంది. జబ్బులు వంశపారంపర్యంగా రసాయన లోపాలతో రావచ్చని బ్రిటిష్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ 1902లో చూపింది ఈ జబ్బుతోనే.

ఈ లోపాలన్నీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే వస్తాయి. మేనరికాలు జరిగే కుటుంబాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. తెలుగు నేలంతటా మేనమామ, మేనత్త సంబంధాలు వాడుకే. బస్తర్ గోండుల్లో మేనరికానికి 'దూధ్ లౌటావ', అంటే పాలు తిరిగి ఇవ్వడం, అన్న పేరే ఉంది. ఒక ఇంటి నుంచి వెళ్లిన ఆడపడుచు రుణం తర్వాతి తరంలో తీర్చుకోవడం అనే భావన అది. దాన్ని తప్పుపట్టడంతో ఒరిగేది లేదు. ఇంతకుముందు కారణం తెలియకుండా పసిబిడ్డ పోయిన ఇంట్లో మళ్లీ కాన్పు వచ్చినప్పుడు పరీక్ష చేయించడం వల్ల ఒరిగేది ఉంది.

మన దగ్గర ఇవి ఎంత ఉన్నాయో చెప్పే పెద్ద ప్రయత్నాలు రెండు జరిగాయి. 1980ల్లో కర్ణాటకలో లక్షకు దగ్గరగా నవజాత శిశువుల రక్తాన్ని అమైనో ఆమ్లాల కోసం పరీక్షించారు. ఎక్కువగా కనిపించిన లోపాల్లో టైరోసినీమియా ఉంది. తర్వాత హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులకు మడమ నుంచి రక్తపుచుక్క తీసి పరీక్షలు జరిపారు. ప్రతి వెయ్యి మందిలో ఒకరికి ఏదో ఒక పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపం ఉన్నట్టు 2004లో ప్రచురితమైన ఆ అధ్యయనం తేల్చింది. ఒక్కో జబ్బు అరుదే, అన్నీ కలిపితే అరుదు కాదు. అయినా పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేసే వ్యవస్థ దేశవ్యాప్తంగా ఏర్పడలేదు.

మందు ఉంది, చేరడమే ప్రశ్న

మొదటి రకం టైరోసినీమియాకు నిటిసినోన్ అనే మందు ఉంది. కలుపుమందుల పరిశోధనలో పుట్టిన ఈ రసాయనంతో పిల్లలను బతికించవచ్చని 1992లో స్వీడన్ వైద్యులు ప్రకటించారు. ఇది విషపదార్థాలు తయారవకుండా దారిని ముందే మూసేస్తుంది. దారి మూసుకోవడం వల్ల రక్తంలో టైరోసిన్ ఇంకా పెరుగుతుంది. అందుకే మందుతో పాటు ప్రత్యేక ఆహారం, తరచూ రక్తపరీక్షలు జీవితాంతం ఉండాలి. టైరోసిన్‌ను సాధారణంగా 600 మైక్రోమోల్స్ దాటనివ్వరు. అంటే ఆ బిడ్డ రిపోర్టులో మామూలు మనిషి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అంకె ఉన్నా వైద్యులు సంతృప్తి పడతారు. అంకెను మనిషి నుంచి విడదీసి చదవకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో టైరోసినీమియాకు చోటు దక్కింది. ఎంపికచేసిన కేంద్రాల్లో చికిత్సకు రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందించేలా 2022లో మార్పు చేశారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ దేశీయంగా తయారైన నిటిసినోన్‌ను ప్రకటించింది. ఏడాదికి సుమారు 2.2 కోట్లయ్యే ఖర్చు రెండున్నర లక్షలకు దిగుతుందని చెప్పింది.

ధర దిగింది, దూరం దిగలేదు. ఎర్రబోరు నుంచి భద్రాచలం చేరాక కూడా హైదరాబాద్‌కు ఇంకో 300 కిలోమీటర్లుంది. ఇటు జగదల్‌పుర్ వైద్య కళాశాలకూ సగం రోజు ప్రయాణమే. ఒక రాష్ట్రం రేషన్‌కార్డు, మరో రాష్ట్రం ఆసుపత్రి, మూడో రాష్ట్రం మీదుగా దారి. సరిహద్దులో బతికేవాళ్లకు ఇది రోజువారీ చిక్కు. అయితే మడమ రక్తపుచుక్కను వడపోత కాగితం మీద ఆరబెట్టి కవరులో పంపితే చాలు, బిడ్డ ప్రయాణం చేయనక్కర్లేదు. కాన్పు జరిగిన ఉప ఆరోగ్య కేంద్రంలోనే నమూనా తీయవచ్చు. పెద్ద యంత్రం నగరంలో ఉన్నా, పరీక్ష ఎర్రబోరులో మొదలుకావచ్చు.

మాత్రలు మింగాలా?

ఆరోగ్యంగా ఉండి, మూడు పూటలా తినే మనిషికి టైరోసిన్ మాత్రల అవసరం లేదు. విపరీతమైన చలి, నిద్రలేమి లాంటి ఒత్తిడిలో తాత్కాలికంగా ఏకాగ్రతకు తోడ్పడవచ్చని సైనికులు తదితరులపై జరిగిన చిన్న ప్రయోగాలు చెబుతున్నాయి. దాన్ని రోజువారీ చురుకుదనానికి హామీగా అమ్మడం వ్యాపారం. నెరిసిన జుట్టును నల్లబరుస్తుందన్నదానికి ఆధారం లేదు. పార్కిన్సన్స్‌కు లెవోడోపా వాడేవాళ్లలో టైరోసిన్ ఆ మందుతో పోటీపడి అది మెదడుకు చేరకుండా అడ్డుపడవచ్చు. థైరాయిడ్ అతిగా ఉన్నవాళ్లు, కొన్ని పాతతరం మానసిక వ్యాధి మందులు వాడేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా వీటిని ముట్టుకోకూడదు.

టైరోసిన్ పరీక్ష అవసరమైన వాళ్లు మరొక వైపున్నారు. కామెర్లు తగ్గని, పొట్ట ఉబ్బిన, రక్తం త్వరగా ఆగని పసిబిడ్డ. విటమిన్ డి వేసినా రికెట్స్ తగ్గని పిల్లవాడు. వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటూ, అరికాళ్ల నొప్పితో నడవలేని బిడ్డ. అంతకుముందు కారణం తెలియకుండా శిశువును పోగొట్టుకున్న తల్లికి పుట్టిన మరో శిశువు. వీళ్లకు ఈ పరీక్ష ప్రాణంతో సమానం, అదీ మొదటి నెలలోనే దొరికితే. ఇప్పుడు టైరోసిన్ మాత్రలు ఫోనులో ఆర్డరు చేస్తే మర్నాటికి వచ్చే నగరాలున్నాయి, ఆ రక్తపుచుక్కను తీసుకునేవాళ్లు లేని పల్లెలున్నాయి. టైరోసిన్ గురించి ప్రజారోగ్య వ్యవస్థ సరిచేయాల్సిన లెక్క ఇదే.